మురుగును మింగే మిత్రులు

పిల్లలూ!

ఈవేళ పొద్దున మీరు పళ్లు తోముకొని, ముఖం కడుక్కున్నారు గదా! ఆ నీళ్లు ఎక్కడికి పోయినవి? "కాలువలోకి" అంటారు. కాలువ ఎక్కడికి పోయింది? "ఊరి బయటికి" అంటారు. ఊరి బయట ఎక్కడికి? ఇక్కడికి వచ్చేసరికి నోళ్లు మూతపడతాయి. ముప్పై ఏళ్లకు పైగా బడిలో నేను ఈ ప్రశ్న వేస్తూ వచ్చాను. మూడో మెట్టు దాటి జవాబు చెప్పినవారు ఏ యేడూ ఇద్దరు ముగ్గురికి మించలేదు. నిజం చెప్పవద్దూ, చాలాకాలం దాకా నాకూ తెలియదు.

నేను పనిచేసిన బడులన్నీ నెల్లూరు జిల్లా సముద్రతీరంలోనివే. తూర్పున బంగాళాఖాతం, దానికి ఇవతల ఇసుక దిబ్బలు, సవుడు నేలలు, బకింగ్‌హాం కాలువ, ఆ పైన వరి మళ్లు. మైపాడు వైపునుంచి గాలి తిరిగిందంటే పెదవులు ఉప్పగా తగులుతాయి. అటువంటి చోట మంచినీళ్లంటే బంగారమే. మంచినీళ్లు కరువైన చోట, వాడిన నీళ్లను ఏం చేయాలన్నది చిన్న ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నకు నాకు జవాబు నేర్పిన గురువులు రెండు రకాలవారు. ఒకరు కంటికి కనిపించరు. ఇంకొకరికి కాళ్లూ లేవు, కళ్లూ లేవు. వారి కథే ఈ నెల మీకు చెబుతాను.

ముందు మా అవ్వగారి ఇంటికి వెళదాం. ఆ ఇంటి పెరట్లో నుయ్యి, నూతికి కాస్త ఎడంగా ఒక అరటి పాదు ఉండేవి. బియ్యం కడిగిన నీళ్లు, మిగిలిన గంజి కుడితి తొట్టిలో పడేవి. వాటిని బర్రె తాగేది. స్నానం నీళ్లు, బూడిదతో అంట్లు తోమిన నీళ్లు చిన్న బోదె వెంట అరటి పాదులోకి పోయేవి. ఏడాది పొడుగునా అన్ని నీళ్లు అక్కడ పడినా ఏనాడూ కంపు కొట్టలేదు. దోమలు ముసరలేదు. పైగా అరటి గెలలు ఇంత పొడుగున దిగేవి!

గాలానికి ఎర కావాలంటే మేము తవ్వేది ఆ పాదులోనే. ఒక్క పార మట్టి తిరగేస్తే పదీ పదిహేను వానపాములు మెలికలు తిరుగుతూ బయటపడేవి. "పాదంతా కుళ్లగిస్తారురా! వాటిని పోనీండి, అవి పని చేసుకుంటున్నాయి" అని అవ్వ కేకలు వేసేది. వానపాములకు పనేమిటా అని మేము నవ్వుకునేవాళ్లం. ఆ మాటలో ఎంత నిజం ఉన్నదో తెలియడానికి నాకు తల నెరవవలసి వచ్చింది.

ఈనాడు అరటి పాదు పోయింది, సిమెంటు కాలువ వచ్చింది. నీళ్లు కూడా పెరిగినవి. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ అనే పథకం పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందాలని చెప్పింది. వాడిన నీటిలో నూటికి 80 పాళ్లు తిరిగి మురుగుగా బయటికి వస్తాయని ఇంజనీర్ల లెక్క. ఇప్పుడు మీరే పలక తీసుకొని లెక్క వేయండి. 55లో నూటికి 80 అంటే 44 లీటర్లు. ఇంట్లో ఐదుగురు ఉంటే 220 లీటర్లు. ఊళ్లో 300 ఇళ్లు ఉంటే 66,000 లీటర్లు! అనగా 5,000 లీటర్లు పట్టే ట్యాంకర్లు పదమూడు నింపినా ఇంకా కొంత మిగులుతుంది. ఇది ఒక్క రోజు మురుగు. రేపు మళ్లీ అంతే.

ఈ నీటిలో ఏమున్నది? అన్నం మెతుకులు, నూనె, సబ్బు, మన ఒంటి మురికి, మరుగుదొడ్డి నీరు కూడా కలిస్తే మలమూత్రాలు. మనకు ఇది అసహ్యం. కాని లోకంలో ఒకరికి అసహ్యమైనది మరొకరికి విందు. ఆ విందుకు వచ్చేవారే మన మొదటి గురువులు, సూక్ష్మజీవులు.

సూక్ష్మజీవులను మొట్టమొదట చూసినవాడు హాలెండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్. 1676లో తాను స్వయంగా అరగదీసి చేసుకున్న చిన్న కటకంతో నీటిబొట్టును పరీక్షించి, అందులో ఈదులాడే ప్రాణులను చూసి ఆయన నివ్వెరపోయాడు. వీటిలో రోగాలు తెచ్చేవి కొన్నే. తక్కినవి తమ పాటికి తాము మురికిని తిని బతికేవి. మురికిని తిని, ప్రాణవాయువు పీల్చుకొని, దాన్ని నీరుగా, బొగ్గుపులుసు వాయువుగా, ఉప్పులుగా విడగొట్టేస్తాయి. పెరటి పాదులో మా అవ్వకు తెలియకుండా జరిగిన పని ఇదే.

అయితే ఒక చిక్కున్నది. ఈ అతిథులకు భోజనం ఒక్కటే చాలదు, ప్రాణవాయువు కూడా కావాలి. మన ఎండలకు వెచ్చబడిన శుభ్రమైన నీటిలో లీటరుకు 7, 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు మాత్రమే కరిగి ఉంటుంది. ఇంటి మురుగు ఒక లీటరు ఉన్నదనుకోండి. అందులోని మురికిని తినడానికి సూక్ష్మజీవులకు సుమారు 200 నుంచి 300 మిల్లీగ్రాములు కావాలి. పెళ్లికి వచ్చినవారు రెండు వందలమంది, వేసిన విస్తళ్లు ఎనిమిది! ఇంకేముంది? ప్రాణవాయువు చిటికెలో అయిపోతుంది. దానితో బతికే మంచి సూక్ష్మజీవులు వెనుకబడతాయి. గాలి అక్కరలేని మరో జాతి సూక్ష్మజీవులు వాటి చోటు ఆక్రమిస్తాయి. అవి తిన్నప్పుడు వచ్చేదే కుళ్లిన కోడిగుడ్డు కంపు. నిలిచిన కాలువ ఎందుకు నల్లబడి కంపు కొడుతుందో తెలిసిందా? మురికి ఉన్నందుకు కాదు, గాలి చాలనందుకు!

ఆ మురుగు పోయి చెరువులో కలిస్తే చేపలకు ఊపిరాడదు. నేలలోకి దిగి బావిని చేరితే మన కడుపుకే చేటు.

కనుక మురుగును బాగుచేయడమంటే దానికి గాలి అందించడమే. ఇంగ్లండులోని మాంచెస్టరులో ఆర్డెన్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు 1914లో ఈ కిటుకు పట్టుకున్నారు. మురుగులోకి గాలిని ఊదుతూ పోతే సూక్ష్మజీవులు గుంపులు గుంపులుగా పెరిగి మురికిని తినేస్తాయని, ఆ బురదను దాచి కొత్త మురుగులో కలిపితే పని ఇంకా త్వరగా అవుతుందని వారు చూపించారు. పెద్ద పట్టణాలలోని శుద్ధి కేంద్రాలు నేటికీ చాలావరకు ఈ దారినే నడుస్తున్నవి. కాని గాలి ఊదడానికి యంత్రాలు కావాలి, వాటికి రాత్రింబగళ్లు కరెంటు కావాలి, మిగిలిన బురదను మోసుకుపోవడానికి బండ్లు కావాలి. తీరంలోని ఒక చిన్న పల్లె ఇంత ఖర్చు ఎక్కడినుంచి తెస్తుంది?

యంత్రం లేకుండా, కరెంటు లేకుండా గాలి ఇచ్చేవాడెవడైనా ఉన్నాడా? ఉన్నాడు. వాడే మన రెండో గురువు, వానపాము.

వానపామును చిన్నచూపు చూడకండి. పరిణామ సిద్ధాంతం చెప్పిన మహాశాస్త్రవేత్త డార్విన్ తన చివరి పుస్తకాన్ని దాని మీదనే రాశాడు. 1881లో అది అచ్చయ్యేనాటికి ఆయనకు 72 ఏళ్లు. ఆయన వానపాములను కుండీలలో పెంచాడు. వాటికి చెవులున్నాయో లేదో తెలుసుకుందామని కొడుకు చేత బూర ఊదించాడు. అవి కదలలేదు. కుండీలను పియానో మీద పెట్టి మెట్లు నొక్కితే మాత్రం తటాలున బొరియల్లోకి దూరినవి. శబ్దం వినబడక కాని, అదురు వాటికి తెలిసిందన్నమాట. ఇంగ్లండులో చాలాచోట్ల ఒక ఎకరం నేలలో ఏటా 10 టన్నులకు మించిన మట్టి వానపాముల కడుపుల గుండా పైకి వస్తుందని ఆయన లెక్కకట్టాడు. ఒక్క కోడె లేదు, ఒక్క నాగలి లేదు!

వానపాముకు పళ్లు లేవు. కడుపులో కోడికి ఉన్నట్లే ఒక కండర సంచి ఉన్నది. మింగిన మేతను అందులో ఇసుక రేణువులతో పాటు నూరుకుంటుంది. ఊపిరితిత్తులు లేవు. తడిగా ఉండే చర్మంతోనే గాలి పీలుస్తుంది. అందుకే దాని ఒంటిమీద తడి ఆరిపోతే చచ్చిపోతుంది. ఈ తడి చర్మం సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికివస్తుంది.

ఈ ప్రాణి చేత మురుగునీటిని బాగుచేయించవచ్చునని దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో హోసే తోహా అనే ఆచార్యుడు 1992లో ప్రతిపాదించాడు. ఆయన చిలీ విశ్వవిద్యాలయంలో పనిచేసేవాడు. ఏర్పాటు ఎంత సులువో చూడండి. ఒక తొట్టిలో అడుగున పెద్ద రాళ్లు, వాటిపైన కంకర, ఆ పైన ఇసుక, అన్నిటికీ పైన చెక్క పేళ్లు, రంపపు పొట్టు, ఎరువు కలిపిన మెత్తని పరుపు. ఆ పరుపులో ఎర్ర వానపాములు. పైనుంచి మురుగును వాన జల్లులాగా చల్లుతారు. అడుగున పెట్టిన తూము నుంచి తేరిన నీరు కారుతుంది.

లోపల జరిగేది ఇది: మురుగులోని ముద్దలూ పలుకులూ పైన పరుపులో చిక్కుకుంటాయి. వానపాములు వాటిని మింగి, నూరి, మెత్తని ఎరువుగా విసర్జిస్తాయి. కరిగి ఉన్న మురికి కిందికి జారి, రాళ్లనూ ఇసుకనూ అంటుకొని ఉన్న సూక్ష్మజీవులకు చిక్కుతుంది. చెరువు మెట్ల మీద కాలు జారే జిగట పొర చూశారు గదా! అటువంటి పొరలోనే ఇవి కాపురముంటాయి. ఈ పొర మందమైతే సందులు మూసుకుపోతాయి, గాలి ఆడదు. వానపాములు తిరుగుతూ ఆ పొరను మేస్తాయి, బొరియలు తొలుస్తాయి. ఆ బొరియల గుండా గాలి లోపలికి దిగుతుంది. వానపాము సందులు తెరిస్తే సూక్ష్మజీవి ఊపిరి పీలుస్తుంది. సూక్ష్మజీవి మురికిని మెత్తబరిస్తే వానపాము కడుపు నిండుతుంది. ఒకరు లేక ఇంకొకరు లేరు.

మన దేశంలో కూడా ఈ బాట పట్టినవారు ఉన్నారు. ముంబయిలోని ఐ.ఐ.టి.లో ఆచార్య హెచ్. ఎస్. శంకర్, ఆయన తోటివారు మట్టి, వానపాములు, సూక్ష్మజీవులు, మొక్కలు అన్నీ కలిపి మురుగును శుద్ధి చేసే పద్ధతిని తయారుచేశారు. మన తెలుగునాట పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు రంగారెడ్డి జిల్లా కొత్తపల్లి గ్రామంలో మురుగునీటిని ఇసుక, కంకర నింపిన మొక్కల మడి గుండా పారించారు. అక్కడ మొక్కల వేళ్లను అంటిపెట్టుకున్న సూక్ష్మజీవులు పని చేస్తాయి, తేరిన నీరు పైరుకు పోతుంది. చూశారా, అవ్వగారి అరటి పాదు శాస్త్రం చదువుకొని తిరిగి వచ్చింది!

ఇక మా బడి సంగతి చెబుతాను. ఇది నాకు గర్వంగా చెప్పుకొనే కథ కాదు.

నేను పదవీ విరమణ చేయడానికి కొన్నేళ్ల ముందు మాట. మా బడి వెనుక మధ్యాహ్న భోజనం వండే షెడ్డు, దానికి దగ్గర్లోనే చేతిపంపు. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు, పిల్లలు పళ్లేలు కడిగిన నీళ్లు పంపు పక్కనే మడుగు కట్టేవి. ఆ మడుగును నేను రోజూ చూసేవాణ్ణి, రోజూ దాటిపోయేవాణ్ణి. ఒక యేడు కార్తెల వానలు బాగా కురిసినవి. పంపు చుట్టూ ఉన్న సిమెంటు పగిలి, మడుగు నీరు పంపు మొదట్లోకే దిగింది. ఒక వారంలో నాలుగో తరగతి సగం ఖాళీ అయింది. పిల్లలందరికీ వాంతులు, విరేచనాలు. దేవుడి దయవల్ల అందరూ కోలుకున్నారు. కాని హాజరు పట్టీలో ఆ వారం పెట్టిన సున్నాలు నాకు ఇంకా కళ్లముందే ఉన్నవి. చూసి కూడా చూడనట్టు ఊరుకున్న తప్పు నాది.

పంపు చుట్టూ కొత్తగా సిమెంటు వేయించాము. మడుగును పూడ్చాము. మరి నీళ్లు? ఏడో తరగతి పిల్లలూ నేనూ కలిసి రెండు పాత డ్రమ్ములు తెచ్చి, వేపచెట్టు నీడన నిలబెట్టాము. రెంటిలోనూ రాళ్లు, కంకర, ఇసుక, కొబ్బరి పీచు ఒకే కొలతన నింపాము. ఒకదానిలో మాత్రం పిడికెడు పిడికెడుగా ఎర్ర వానపాములు వేశాము. పూటకు ఒక బిందె చొప్పున షెడ్డు నీళ్లు పోస్తూ వచ్చాము. మెతుకులు పడకుండా పైన ఒక జల్లెడ పెట్టాము.

మొదట రెంటిలోనూ ఒకే రకం బూడిద రంగు నీళ్లు కారినవి. పిల్లలు పెదవి విరిచారు. సూక్ష్మజీవులు కాపురం పెట్టడానికి పది పదిహేను రోజులు పట్టుతుందని చెప్పి ఆపాను. మూడో వారం వచ్చేసరికి తేడా తెలిసింది. వానపాములు లేని డ్రమ్ము పైన జిడ్డు పేరుకొని, పోసిన నీళ్లు పైనే నిలిచినవి. రెండో డ్రమ్ములో పోసినవి పోసినట్టే ఇంకి, కింద తేటగా కారినవి. కొలిచే పరికరాలు మా దగ్గర లేవు. కాని ప్రతి పిల్లవాడికీ ఒక ముక్కు ఉన్నది గదా! కంపు లేదని నలభై ముక్కులు తీర్పు చెప్పినవి.

అప్పుడొక పిల్లవాడు నా దగ్గరికి వచ్చాడు. వాళ్ల నాయన రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవాడు. "సార్, మా గుంట నీళ్లు గూడా పోసి చూద్దామా? అవి ఇంకా కంపు సార్" అన్నాడు. ఉత్సాహంలో ఉన్నాను, సరేనన్నాను. సాయంత్రం వాడు బకెట్టు నిండా తెచ్చి పోశాడు.

తెల్లవారి వాడే పరుగెత్తుకొచ్చాడు. "సార్, ఎర్రలన్నీ పైకొచ్చేసినాయి. చచ్చిపోయినాయి సార్!" వాడి కళ్లనిండా నీళ్లు. వానపాములు డ్రమ్ము అంచుకు పాకి, ముడుచుకుపోయి పడి ఉన్నవి.

ఎందుకో మీకు తెలుసు. తడి చర్మం గుర్తున్నది గదా! మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే ఏమవుతుంది? ఊట దిగుతుంది. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. వానపాముకు జరిగింది కూడా అదే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. రొయ్యల గుంటలో అంత లేకున్నా, పలుచని చర్మంగల వానపామును చంపడానికి చాలినంత ఉంటుంది. ఈ పాఠం నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన పాఠం చేతికి రాలేదు. "తప్పు నీది కాదు నాయనా, నాది" అని వాణ్ణి సముదాయించాను.

వాడు కళ్లు తుడుచుకొని ఒక ప్రశ్న అడిగాడు. "అయితే ఉప్పు మురుగును ఎవరు తింటారు సార్?"

నా ఉద్యోగకాలంలో నేను విన్న ప్రశ్నలలో ఇంత మంచిది మరొకటి లేదు.

మా తీరానికి ఇది చావుబతుకుల ప్రశ్న. 1990 తరువాత మా కళ్లముందే ఎన్నో వరి మళ్లు, బీళ్లు రొయ్యల గుంటలుగా మారినవి. మొదట పెంచినది పులిచారల టైగర్ రొయ్య. దానివల్ల ఎందరికో నాలుగు డబ్బులు కనబడినవి, ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది. ఆ పిల్లవాడి ఇంట్లో కూడా. కాని గుంటలలోని నీటిని ఉన్నదున్నట్టుగా కాలువల్లోకి, ఏరుల్లోకి వదిలారు. ఆ నీటిలో రొయ్యలు తినగా మిగిలిన మేత, వాటి విసర్జన, మందులు. ఒకరు వదిలిన నీటిని పక్కవారు తోడుకునేవారు. 1994, 1995 ప్రాంతాల తెల్లమచ్చల వ్యాధి తూర్పు తీరమంతా పాకింది. నీటి వెంట గుంటనుంచి గుంటకు రోగం నడిచింది. ఇంకొకవైపు గుంటల ఉప్పు పక్క పొలాలకు, బావులకు దిగింది. మా ఊరి చివరి మంచినీళ్ల బావిలో చేద వేయడం ఆ రోజుల్లోనే మానుకున్నాము.

గాంధేయవాది ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. కోర్టు పంపగా నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు ఆంధ్ర, తమిళనాడు తీరాలను పరిశీలించారు. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. తీరానికి చేరువలో నిషేధపు పట్టీలో ఉన్న రొయ్యల పరిశ్రమలను తొలగించాలని, సంప్రదాయంగా పెంచేవారికి మినహాయింపు ఉండాలని, పాడుచేసినవారే నష్టం భరించాలని కోర్టు చెప్పింది. ఆ తరువాత 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వా సాగుకు ఒక చట్టం చేసింది. దాని కింద వచ్చిన నియమాలలో 5 హెక్టార్లు, అంతకు మించిన క్షేత్రాలకు మురుగునీటిని శుద్ధి చేసే చెరువు ఉండాలని చెప్పారు. 2009 నుంచి వనామీ అనే విదేశీ రొయ్యను పెంచడానికి అనుమతి దొరికింది. నేడు మా తీరంలో ఎక్కువగా కనిపించేది అదే.

సరే, ఉప్పు మురుగును తినేదెవరు? వానపాము రాలేకపోయినా సూక్ష్మజీవి వస్తుంది. ఉప్పులో బతికే సూక్ష్మజీవులు సముద్రం నిండా ఉన్నవి. రొయ్య మేతలో మాంసకృత్తులు ఎక్కువ. అవి కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. అది రొయ్యకు విషం. ఒక తెగ సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. ఇంకొక తెగ దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. ఇది చాలావరకు నిరపాయం, మొక్కలకు ఎరువు. ఈ తెగలను 1890 ప్రాంతంలో వేరుచేసి చూపించినవాడు రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ. చివరకు గాలి అందని బురదలో ఉండే మూడో తెగ నైట్రేటును నత్రజనిగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి ఇటుకలు అందించినట్టు పని సాగుతుంది.

ఈ పనికి వాటికి కావలసినవి తీరిక, గాలి. కనుక గుంట నీటిని ఒక్కసారిగా ఏటిలోకి వదలకుండా, వేరే చెరువులో కొన్నాళ్లు నిలపాలి. బురద అడుగుకు దిగుతుంది. ఆ చెరువులో నీటిని వడకట్టి తినే ఆలుచిప్పలను, సముద్రపు నాచును పెంచవచ్చు. అవి మిగిలిన పోషకాలను లాగుకుంటాయి. కండలేరు సముద్రాన్ని కలిసే చోట మీరు చూసే మడచెట్ల బురదలో కూడా ఈ సూక్ష్మజీవులే పని చేస్తున్నవి. మడచెట్లను కొట్టడమంటే జీతం అడగని పనివాళ్లను వెళ్లగొట్టడమే.

ఇదంతా విని, "ఇక భయం లేదు, అన్నీ అవే తింటాయి" అనుకోకండి. ప్రతి సేవకుడికీ ఒక హద్దు ఉన్నది. వానపాముల పరుపును ముంచెత్తితే వాటికి ఊపిరాడదు. మన రోహిణి ఎండలలో నీడ లేకపోతే అవి ఉడికిపోతాయి. ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు, చిక్కని సబ్బు నీరు వానపాములనూ, మంచి సూక్ష్మజీవులనూ కూడా చంపుతాయి. విచ్చలవిడిగా వాడిన మందులు నీటిలో చేరితే, వాటికి లొంగని రోగక్రిములు తయారవుతాయి. ఇంకొక సంగతి: వానపాముల తొట్టినుంచి తేటగా కారిన నీటిలో కూడా రోగక్రిములు మిగిలి ఉండవచ్చు. అది చెట్లకే గాని తాగడానికి కాదు.

మా బడిలో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఈ హద్దులన్నీ పాటించాము. ఉప్పు బోరు నీళ్లకు ఒక దారి, మంచినీళ్లతో కడిగిన నీళ్లకు ఒక దారి వేరుచేశాము. డ్రమ్ము మీద తడి గోనె కప్పాము. "ఉప్పు నీళ్లు పోయరాదు" అని ఆ పిల్లవాడే సుద్దతో పెద్ద అక్షరాలు రాశాడు, చెరిగిపోయినప్పుడల్లా తిరిగి రాసేవాడు. కారిన నీళ్లు ఒక అరటి పాదుకు మళ్లించాము. నేను బడి విడిచే రోజున ఆ అరటి గెల వేసి ఉన్నది.

మీరు కూడా పెద్దల సాయంతో చేసి చూడవచ్చు. రెండు పాత బకెట్లు తీసుకొని అడుగున చిన్న రంధ్రం పెట్టించండి. కింద గులకరాళ్లు, ఆ పైన సన్న కంకర, ఆ పైన కడిగిన ఏటి ఇసుక, అన్నిటికీ పైన కొబ్బరి పీచు, వానపాముల ఎరువు కలిపి వేయండి. మీ పంచాయతీలో వానపాముల ఎరువు తయారుచేసే షెడ్డు ఉంటే ముప్పై ఎర్ర వానపాములను అడిగి తెచ్చుకొని ఒక బకెట్టులోనే వేయండి. నీడన పెట్టండి. పూటకు రెండు గ్లాసులు, అంతకు మించకుండా, బియ్యం కడిగిన నీళ్లు పోయండి. రోజూ నీటి రంగు, వాసన, నీరు దిగడానికి పట్టిన కాలం ఒక నోటుపుస్తకంలో రాయండి. ముట్టుకున్న తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ సబ్బు నీళ్లు మాత్రం బకెట్టులో పోయకండి సుమా!

పెద్దలకు ఒక మనవి. ఊళ్లో కాలువ కట్టినప్పుడు అది ఎంత బాగున్నదో చూడటంతో సరిపెట్టుకోకండి. దాని చివరిదాకా ఒక్కసారి నడవండి, మీ పిల్లలను కూడా వెంటబెట్టుకొని. ఆ చివర ఎవరి బావి ఉన్నదో, ఎవరి పొలం ఉన్నదో చూడండి.

పిల్లలూ, నేను మొదట వేసిన ప్రశ్న ఇంకా అట్లాగే ఉన్నది. పొద్దున మీరు ముఖం కడిగిన నీళ్లు ఎక్కడికి పోయినవి? ఈ ఆదివారం కాలువ వెంట నడిచి తెలుసుకోండి. తెలిసిన తరువాత ఆ పిల్లవాడి ప్రశ్న మీరూ వేయండి: ఈ మురుగును తినేదెవరు? వారికి కావలసినది మనం పెడుతున్నామా, లేక వారి నోట్లో ఉప్పు కొడుతున్నామా?